రేగడి బురదలో సైక్లోక్రాస్: గోదావరి డెల్టాలో తొలి పందేనికి సిద్ధమయ్యేవారికి

సైక్లోక్రాస్ పందెంలో సైకిల్ తొక్కడం ఎంత ముఖ్యమో, దానిని భుజాన వేసుకుని పరుగెత్తడం కూడా అంతే ముఖ్యం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల పొడవుండే చుట్టుమార్గంలో గడ్డి, ఇసుక, బురద, ఎత్తుపల్లాలు, దిగి దాటవలసిన చెక్క పలకలు ఉంటాయి. ఆ చుట్టును నిర్ణీత కాలం ముగిసేవరకు తిరుగుతూ ఉండాలి. అగ్రశ్రేణి పురుషులకు ఇది సుమారు గంటసేపు సాగుతుంది; ఔత్సాహికుల పందేలు సాధారణంగా ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాలలో ముగుస్తాయి. ఫ్రాన్స్‌లో తొలి జాతీయ పోటీ 1902లోను, తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ 1950లో పారిస్‌లోను జరిగాయి. అప్పటినుంచి ఇప్పటివరకు ఇది ప్రధానంగా యూరప్‌లోని చలికాలపు ఆటగానే ఉంది. అక్కడి చలి మనకు లేకపోయినా, ఆ ఆటకు ప్రాణమైన బురద కోనసీమలోను, భీమవరం, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలోను జూన్ మొదలు నవంబరు దాకా కావలసినంత దొరుకుతుంది.

రోడ్డు మీద సైకిల్ తొక్కే అలవాటు ఉండి, బురద పందెంలో ఇంతవరకు పాల్గొనని వారిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. వీటన్నిటి వెనుక ఉన్న నా అభిప్రాయం ఒక్కటే. బురదలో వెనకబడేవారిలో ఎక్కువమంది బలం చాలక వెనకబడరు, సైకిల్ దిగవలసిన చోట దిగకపోవడం వల్ల వెనకబడతారు. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ మోయాలో మట్టి నిర్ణయిస్తుంది కాబట్టి, సామగ్రి కంటే ముందు మట్టి సంగతి తెలుసుకోవాలి.

మట్టి తీరు

డెల్టా అంతటా ఒకే మట్టి ఉండదు, ఉన్న మట్టి కూడా అన్ని రోజులూ ఒకేలా ప్రవర్తించదు. వరి పండే పల్లపు ప్రాంతాలలో బంకమన్ను పాలు ఎక్కువగా ఉన్న నల్లని నేల ఉంటుంది. నదీపాయల ఒడ్డున, లంకలలో వరద తెచ్చి వేసిన ఇసుక కలిసిన ఒండ్రు ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఇసుక నేలలు కనిపిస్తాయి. కాలువ గట్ల మీద చాలాచోట్ల బయటినుంచి తెచ్చిన ఎర్ర గ్రావెల్ పోసి ఉంటుంది. పందెం చుట్టు ఒక్కటే అయినా అందులో ఇలాంటివి రెండు మూడు రకాలు తగలవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది నల్ల బంకమట్టి. వాన కురుస్తున్నంతసేపు దాని పైపొర పలుచబడి ఉంటుంది. అడుగున గట్టి నేల దగ్గరలో ఉంటే టైరు ఆ పలుచటి బురదను కోసుకుంటూ దిగి గట్టి పొరను పట్టుకుంటుంది; చూడడానికి భయంకరంగా ఉన్నా సైకిల్ సాగుతుంది. వాన వెలిసి ఒక పూట ఎండ కాస్తే అదే మట్టి ముద్ద కట్టే పదునుకు వస్తుంది. అప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ దానికి ఒక కొత్త పొర అంటుకుంటుంది, ఆ పొరలో గడ్డి, ఎండుటాకులు, కొబ్బరి పీచు కలిసి బిగుస్తాయి, కొద్ది గజాలలోనే ఫోర్కుకూ టైరుకూ మధ్యనున్న సందు పూడుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. ఈ స్థితిలో తొక్కడం ఎలాగూ కుదరదు. పక్కన నడిపించుకుంటూ తోయడం కూడా పొరపాటే, ఎందుకంటే తోసినా చక్రం తిరుగుతుంది, తిరిగినకొద్దీ మట్టి ఎక్కుతుంది. చక్రాలు నేలకు తగలకుండా భుజాన వేసుకోవడమే అక్కడ మార్గం. దమ్ము చేసిన మడిలోను, నీరు తీసేసి రెండు రోజులైన మడిలోను నడిచిన ప్రతి రైతుకూ, ప్రతి రైతుకూలీకీ ఈ తేడా పాదాలకు తెలుసు. సైకిల్ పందేనికి వచ్చే పట్టణ యువకులు ఆ తెలివిని వారినుంచి అడిగి నేర్చుకోవడం మంచిది.

ఒక సులభమైన పరీక్ష ఉంది. పందెం మార్గంలో అనుమానం కలిగిన చోట పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. వేళ్ళ సందులలోనుంచి జారిపోతే తొక్కవచ్చు. పొడిగా విరిగిపోతే నిశ్చింతగా తొక్కవచ్చు. ముద్దయి, చెయ్యి విప్పినా అరచేతికి అతుక్కుని ఊడిరాకపోతే అక్కడ దిగడానికి సిద్ధపడండి. ఈ పరీక్షను పందేనికి ఒక గంట ముందు ఒకసారి, మొదలయ్యే ముందు మరొకసారి చేయాలి. డెల్టా ఎండలో ఒక గంట చాలు, మట్టి ఒక స్థితినుంచి మరొక స్థితికి మారడానికి.

లంకల ఇసుక ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. అది తడిస్తే గట్టిపడుతుంది, ఎండితే చక్రాన్ని మింగుతుంది. అందువల్ల వాన పడిన రోజున ఇసుక భాగాలలో వేగం పెంచి, బంకమట్టిలో పోగొట్టుకునే కాలాన్ని కొంత తిరిగి సంపాదించుకోవచ్చు. పొడి ఇసుక తగిలితే దానిలోకి వేగంగా ప్రవేశించి, మామూలుకంటే ఒక గేరు బరువుగా ఉంచి, శరీరాన్ని కాస్త వెనక్కు జరిపి, హ్యాండిల్‌ను తిప్పకుండా నేరుగా పోవాలి. తూముల మీది సిమెంటు పలకలు, రేవు మెట్లు పాచి పట్టి ఉంటాయి కాబట్టి వాటి మీద బ్రేకు వేయకూడదు, మలుపు తిప్పకూడదు. ఇంతకు మించి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

సాధనకు, పందేనికి తగిన స్థలం

సార్వా, దాళ్వా పంటలు నేల మీద ఉన్నప్పుడు చేల గట్ల మీద సైకిల్ తొక్కకూడదు. గట్టు ఒక్కచోట కుంగినా మడిలో నీరు నిలవదు. ఆ నష్టం రైతుది. సార్వా కోతల తరువాత ఖాళీగా కనిపించే చేలలో కూడా తరచుగా మినుములో, పెసలో చల్లి ఉంటారు, మొలక రాకముందు అది మనకు కనబడదు. కాబట్టి కొబ్బరి తోటల మధ్య బాటలు, లంకల పచ్చిక బయళ్ళు, పాఠశాలల ఆట స్థలాలు, పంట వేయని బీడు భూములు యజమాని అనుమతితో ఎంచుకోవడం ఉత్తమం. కాలువ గట్లు ప్రభుత్వ నీటిపారుదల వ్యవస్థలో భాగం కాబట్టి, వాటి మీద పందెం పెట్టదలచిన నిర్వాహకులు సంబంధిత అధికారుల అనుమతి తీసుకోవాలి. కొబ్బరి తోటలో మార్గం గీస్తే, ముందురోజు ముదురు కాయలను, వేలాడే ఎండు మట్టలను దింపించమని తోట యజమానిని కోరాలి. తలకు హెల్మెట్ ఉన్నా పై నుంచి పడే కాయకు అది చాలదు.

జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నది ఉద్ధృతంగా ఉన్నప్పుడు లంకల జోలికి పోవద్దు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరికకు చాలా ముందే, నీరు పెరుగుతున్నదన్న వార్త వినగానే, లంకలో తలపెట్టిన పందేన్ని వాయిదా వేయడం నిర్వాహకుల బాధ్యత. ప్రపంచ స్థాయి పోటీలకు కూడా నది ముందు తలవంచక తప్పలేదు. 2013లో అమెరికాలోని లూయీవిల్ నగరంలో, యూరప్ వెలుపల తొలిసారిగా జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, ఒహాయో నది పొంగి మైదానంలోకి రాబోతున్నదని తెలిసి రెండు రోజుల పోటీలను ఒక్క శనివారంలోనే ముగించారు. తుఫాను హెచ్చరికలు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో ఇదే జాగ్రత్త గాలి విషయంలో కూడా అవసరం.

సైకిల్‌ను సిద్ధం చేయడం

అసలైన సైక్లోక్రాస్ సైకిల్ మన ప్రాంతపు దుకాణాలలో అరుదు. దానికి రోడ్డు సైకిల్ వంటి వంపు హ్యాండిల్, గరుకైన సన్నని టైర్లు, టైరు చుట్టూ ఎక్కువ సందు ఉంటాయి. అది లేదని వెనకాడవలసిన పని లేదు. అంతర్జాతీయ పోటీలలో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదన్న నియమం ఉన్నా, ఔత్సాహిక పందేలలో చాలావరకు మౌంటెన్ బైకులను, హైబ్రిడ్ సైకిళ్ళను అనుమతిస్తారు. మీ సైకిల్‌కు ఉన్న మడ్‌గార్డులు, స్టాండు, క్యారేజీ, బుట్ట, సీసా పట్టీలు అన్నీ విప్పేయండి. సీసా పట్టీ ఉంటే ఫ్రేము లోపలికి చెయ్యి దూరదు, భుజాన వేసుకోవడం కష్టమవుతుంది. విప్పిన తరువాత టైరుకూ ఫోర్కుకూ మధ్య, టైరుకూ వెనుక ఫ్రేముకూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. అన్ని వైపులా ఒక వేలు దూరకపోతే, ఇంకా సన్నని టైరు వేయించుకోవాలి. బంకమట్టిలో వెడల్పాటి టైరు కంటే సందు ఎక్కువ మిగిల్చే సన్నని టైరే మేలు. దాని మీది గుబ్బలు ఎత్తుగా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే వాటి మధ్య మట్టి పేరుకుని టైరు నున్నగా అయిపోతుంది.

గాలి ఒత్తిడి విషయంలో రోడ్డు అలవాటును పూర్తిగా వదులుకోవాలి. అరవై అయిదు, డెబ్బై కిలోల బరువున్న వ్యక్తి 33 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరును బురదలో సుమారు 20 నుంచి 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టవచ్చు. ట్యూబు ఉన్న టైరైతే రిమ్ముకూ నేలకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడే ప్రమాదం ఉన్నందువల్ల 30 దగ్గర ఉంచడం క్షేమం. రెండంగుళాల మౌంటెన్ బైకు టైరుకు ట్యూబుతో 25 దరిదాపుల మొదలుపెట్టవచ్చు. ఇవి ఆరంభ సంఖ్యలు మాత్రమే. చుట్టు మీద ఒకసారి తిరిగి వచ్చి, ఒకటి రెండు పీఎస్ఐలు తగ్గించి మళ్ళీ తిరగండి. వేర్ల మీద, మెట్టు అంచు మీద రిమ్ము అప్పుడప్పుడు మాత్రమే నేలను తాకుతున్నట్టు అనిపిస్తే సరైన చోటికి వచ్చినట్టు. ప్రతిసారీ తాకుతుంటే రెండు పెంచండి. పంపుకు ఉన్న మీటరు తక్కువ ఒత్తిడి దగ్గర తప్పు చూపవచ్చు కాబట్టి ఎప్పుడూ ఒకే మీటరుతో కొలవడం అలవాటు చేసుకోవాలి.

గోదావరి గట్ల మీద తుమ్మ ముళ్ళు, ఇసుక నేలల్లో పల్లేరు కాయలు చక్రాలకు పెద్ద శత్రువులు. తక్కువ ఒత్తిడితో తిరిగే టైరులోకి ముల్లు ఇంకా తేలికగా దిగుతుంది. ట్యూబ్‌లెస్ టైరులో సీలంట్ ద్రవం పోస్తే చిన్న చిల్లులు వాటంతటవే పూడతాయి. ట్యూబులలోకి కూడా పోయగల సీలంట్ దొరుకుతుంది, పందేనికి ముందు అది పోయించుకోవడం వృథా కాదు.

బ్రేకులలో డిస్కు రకం బురదకు అనుకూలం. వాటి ప్యాడ్లు ఒక్క బురద పందెంలోనే బాగా అరిగిపోవచ్చు. లోహం కలిపిన ప్యాడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. రిమ్ము బ్రేకులే ఉంటే వాటిని కొంచెం వదులుగా ఉంచి మట్టికి దారి ఇవ్వాలి. గేర్లలో అన్నిటికంటే తేలికైనది నిజంగా తేలికగా ఉండాలి, అంటే వెనుక పెద్ద పళ్ళ చక్రానికి 32 పళ్ళైనా ఉండడం మంచిది. బురద తగిలిన తరువాత గేరు మార్చడం కంటే, తగలబోయే ముందే మార్చుకోవడం నేర్చుకోండి. చైను బిగిసినట్టు అనిపించినప్పుడు బలవంతంగా తొక్కితే వెనుక గేరు మార్చే యంత్రం చువ్వలలోకి పోయి విరుగుతుంది, పందెం అక్కడితో ముగుస్తుంది. ఫ్రేము అడుగుభాగానికి, ఫోర్కు లోపలి వైపుకు వంటనూనెను పలుచగా పూస్తే మట్టి కొంతసేపు అంటదు. ఆ నూనె డిస్కుకు, రిమ్ముకు, ప్యాడ్లకు మాత్రం తగలకూడదు. చెప్పులతో గాని, నున్నని అడుగున్న బూట్లతో గాని పందెంలోకి దిగవద్దు. పెడల్‌కు బిగించే బూట్లు లేనివారు ఫుట్‌బాల్ బూట్ల వంటి గుబ్బల అడుగున్నవి వేసుకుని మామూలు గరుకు పెడళ్ళ మీద తొక్కితే చాలు.

దిగడం, మోయడం, ఎక్కడం

ఈ మూడు పనులను ముందుగా పొడి గడ్డి మీద, నడక వేగంతో సాధన చేయాలి. చైను కుడివైపు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఎడమవైపుకే దిగాలి. అడ్డంకి దగ్గరకు వస్తున్నప్పుడు బరువంతా ఎడమ పెడల్ మీద నిలిపి, కుడి కాలును సీటు వెనుకగా తిప్పి ఎడమవైపుకు తెచ్చుకోండి. కుడి చేతితో ఫ్రేము పై గొట్టాన్ని పట్టుకుని, కుడి పాదం నేలను తాకబోయే క్షణంలో ఎడమ పాదాన్ని పెడల్ నుంచి తీస్తే, సైకిల్ ఆగకుండానే మీరు పరుగులోకి దిగుతారు. ఆగి దిగినవారికీ పరుగులోకి దిగినవారికీ ప్రతి అడ్డంకి దగ్గరా కొన్ని క్షణాల తేడా వస్తుంది, చుట్టు చుట్టుకూ అది పెరుగుతూ పోతుంది.

చెక్క పలకల ఎత్తు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 40 సెంటీమీటర్లు మించకూడదు. బెల్జియంకు చెందిన స్వెన్ నీస్ వంటి చాంపియన్లు సైకిల్ మీద ఉండగానే వాటిని ఎగిరి దాటేవారు. ఔత్సాహికులు బురదలో ఆ ప్రయత్నం చేయకూడదు. తడిసిన నేల మీద ఎగరడానికి పట్టు దొరకదు. పై గొట్టాన్ని పట్టుకుని సైకిల్‌ను పెట్టెలా పైకెత్తి, మోకాళ్ళు ఎత్తి దాటిపోండి.

దూరం ఎక్కువైతే, మెట్లు గాని బంకమట్టి గాని ఎదురైతే, భుజాన వేసుకోవాలి. కుడి చేతితో ఫ్రేము కింది వాలు గొట్టాన్ని పట్టుకుని సైకిల్‌ను పైకి లేపి, పై గొట్టాన్ని మెడకూ భుజం చివరకూ మధ్య ఆనించండి. తరువాత కుడి చేతిని వాలు గొట్టం కిందుగా ముందుకు పోనిచ్చి హ్యాండిల్ ఎడమ కొనను పట్టుకోండి. ఎడమ చెయ్యి ఖాళీగా ఉండి, పరుగులో సమతూకానికి పనికివస్తుంది. ముందు చక్రం ఊగి తలకు తగలకుండా ఉండాలంటే హ్యాండిల్ మీది పట్టు వదలకూడదు. మౌంటెన్ బైకు ఫ్రేము చిన్నదై భుజం పట్టకపోతే, సీటు ముక్కు కింద భుజం ఆనించి మోయవచ్చు. దీనిని సాధన చేయడానికి రేవు మెట్ల కంటే మంచి చోటు ఉండదు. తెల్లవారుజామున, స్నానాలకు జనం రాకముందు, పాచి లేని పై మెట్ల మీద నెమ్మదిగా ఎక్కి దిగుతూ మొదలుపెట్టండి. వారంలో రెండు రోజులు ఈ పని చేసి, మరొక రోజు ఒక నిమిషం పూర్తి బలంతో, ఒక నిమిషం తేలికగా, ఇలా పదిసార్లు తొక్కితే తొలి పందేనికి కావలసిన దేహదారుఢ్యం వస్తుంది.

తిరిగి ఎక్కేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి, ఎడమ కాలితో నేలను తన్ని, కుడి తొడ లోపలి భాగాన్ని సీటు మీద ఆనించి పక్కకు జరగాలి. నేరుగా సీటు మీదకు ఎగిరి కూర్చోవడం బాధాకరం, అనవసరం. ఎక్కే చోటును ముందుగా నిర్ణయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. బురద ముగిసిన వెంటనే ఎక్కబోతే బూటు అడుగున మట్టి ఉండి పెడల్ పట్టదు. నాలుగు అడుగులు గడ్డి మీద పరుగెత్తి, బూట్లను నేలకు గట్టిగా తాటించి ఎక్కితే మొదటి తొక్కుకే సైకిల్ కదులుతుంది.

బురదలో తొక్కడం

బురదలో ముందు చక్రం మీద బరువు తగ్గించి, హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుని, సైకిల్ కాస్త అటూ ఇటూ ఊగడాన్ని ఒప్పుకోవాలి. చేతులు బిగిస్తే చక్రం ఊగిన ప్రతిసారీ శరీరం కూడా ఊగుతుంది. కాళ్ళు ఒకే లయలో తిరగాలి, ఒక్కసారిగా బలం పెడితే వెనుక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. బ్రేకు బురదలోకి రాకముందే, గట్టి నేల మీద వేసుకోవాలి. ముందు వెళ్ళినవారి చక్రాల గాడి పడి ఉంటే అందులోనే ఉండిపోండి; గాడిలో ఉండి హ్యాండిల్ తిప్పితే పడిపోతారు. చూపు ముందు చక్రం మీద కాకుండా, గాడి ముగిసే చోట నిలవాలి.

కాలువ గట్టు వాలు వంటి ఏటవాలు నేల మీద అడ్డంగా పోవలసినప్పుడు పల్లపు వైపు పెడల్‌ను కిందికి తెచ్చి దాని మీద బరువు పెట్టండి. ఎత్తు వైపు పాదాన్ని పెడల్ నుంచి తీసి నేలకు దగ్గరగా ఉంచితే జారినప్పుడు ఆసరా అవుతుంది. అలాంటి వాలు బాగా తడిసి, గడ్డి చెదిరిపోతే, అక్కడా దిగి పరుగెత్తడమే వేగం.

ఇంతకీ ఎప్పుడు దిగాలి? సైకిల్ మీది వేగం మీ నడక వేగానికి పడిపోబోతున్నదని తోచినప్పుడు, పడిపోకముందే దిగాలి. ఆఖరి రెండు మూడు తొక్కుల కోసం శక్తినంతా ఖర్చుచేసి, సైకిల్ ఆగిపోయాక దిగితే, మూడు నష్టాలు ఒకేసారి కలుగుతాయి: ఊపిరి అదుపు తప్పుతుంది, వేగం సున్నా అవుతుంది, చక్రాలు మట్టితో నిండుతాయి. రెండు మూడు గజాల ముందే దిగినవారు ఆ వేగాన్ని పరుగులోకి తీసుకుపోతారు. చుట్టులో కనీసం 90 శాతం తొక్కగలిగేలా ఉండాలని అంతర్జాతీయ నిబంధన చెబుతున్నా, వాన పడిన రోజున ఆ లెక్క మారిపోతుంది. తొక్కగలమా లేదా అన్న ప్రశ్న కంటే, తొక్కితే వేగమా, పరుగెత్తితే వేగమా అన్న ప్రశ్నే ఉపయోగకరం. దానికి జవాబు సాధన చుట్లలో, గడియారం చూసుకుని, ఒకసారి తొక్కి ఒకసారి మోసి తెలుసుకోవాలి.

పందెం రోజు

మొదటి చుట్టును కాలినడకన, రెండవదాన్ని నెమ్మదిగా సైకిల్ మీద తిరగండి. ప్రతి బురద భాగంలోనూ ఎక్కడ దిగుతారో, ఎక్కడ ఎక్కుతారో ఒక చెట్టునో, ఒక గుంజనో గుర్తు పెట్టుకోండి. మార్గం అంచున, రిబ్బను పక్కన, ఎవరూ తొక్కని గడ్డి ఉంటుంది. మొదటి చుట్లలో అది మంచి దారి. అందరూ దానినే ఎంచుకున్న తరువాత అదీ పాడైపోతుంది కాబట్టి మూడవ చుట్టుకల్లా మరో దారి చూసుకోవాలి.

ఆరంభంలో వెనుక వరుసలో నిలబడిన కొత్తవారికి తొలి మలుపు దగ్గర తొక్కిసలాట తప్పదు. అందరూ ఒకే గాడి కోసం ఆగి ఉన్నప్పుడు దిగి, పక్కనుంచి పరుగెత్తి నలుగురైదుగురిని దాటడం నియమాలకు విరుద్ధం కాదు. అయితే ఆ ఉత్సాహంలో మొదటి పది నిమిషాలలోనే శక్తి అంతా కరిగిపోకుండా చూసుకోండి. యూరప్ పందెగాళ్ళకు చలి ఎంత పరీక్షో మనకు ఉక్కపోత అంత పరీక్ష. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. అంతర్జాతీయ పోటీలలో దారిలో నీరు అందించడం సాధారణంగా నిషిద్ధం. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే అధికారులు అనుమతించవచ్చు. మన డెల్టాలో ఆ హద్దు దాదాపు ఏడాది పొడవునా దాటే ఉంటుంది, కాబట్టి నీరు అందించే చోటు ఏర్పాటు చేయమని నిర్వాహకులను గట్టిగా కోరండి. పందేనికి రెండు గంటల ముందునుంచి కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ గాని, చిటికెడు ఉప్పు కలిపిన కొబ్బరి నీళ్ళు గాని తాగుతూ ఉండాలి. తల తిరిగినా, ఒంటికి చలి పుట్టినా వెంటనే ఆగి నీడకు చేరాలి.

సైకిల్ మీద సీసా లేకపోవడం ఒక రకంగా మేలు. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మౌంటెన్ బైకు పందెం తరువాత, పశువుల పేడ కలిసిన బురద నోటిలోకి పోవడం వల్ల కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవి సోకి అనేకమంది జబ్బుపడ్డారు. గేదెలు మేసే గట్ల మీద తొక్కే మనకు ఈ ప్రమాదం తక్కువేమీ కాదు. మూత ఉన్న సీసాను మిత్రుని చేతికిచ్చి ఉంచి, తాగే ముందు పెదవులు తుడుచుకోండి.

పెద్ద పోటీలలో చుట్టు మీద నిర్ణయించిన చోట, పిట్ అనే స్థలంలో, సైకిల్ మార్చుకోవడానికి అనుమతి ఉంటుంది. ఒకటి బురదలో తిరుగుతున్నంతసేపు రెండవదాన్ని సహాయకులు కడిగి సిద్ధంగా ఉంచుతారు. మనలో చాలామందికి రెండు సైకిళ్ళు ఉండవు. ఒక మిత్రుడు బకెట్ నీళ్ళతో, ఒక చెక్క పుల్లతో అక్కడ నిలబడితే చాలు. గేర్ల మధ్య, ఫోర్కు సందులో పుల్లతో గీకి రెండు చెంబుల నీళ్ళు పోస్తే అర నిమిషంలో సైకిల్ మళ్ళీ నడుస్తుంది. పిట్ బయట ఇతరుల సహాయం తీసుకోకూడదు, మీ చేతులతో మీరు శుభ్రం చేసుకోవచ్చు. మోస్తూ పరుగెత్తేటప్పుడు ఎడమ చేతి వేళ్ళతో మట్టి తీసేయడం అలవాటైతే విడిగా ఆగవలసిన పని కూడా ఉండదు.

మిమ్మల్ని ఒక చుట్టు దాటి వచ్చేవారు వెనకనుంచి "కుడి పక్కన వస్తున్నానండీ" అని కేకవేస్తే, ఉన్న దారిలోనే నిలకడగా తొక్కుతూ వారికి చోటివ్వండి, హఠాత్తుగా పక్కకు తిరగవద్దు. గంట మోగితే ఆఖరి చుట్టు అని అర్థం.

పందెం ముగిశాక

ముందు శరీరం సంగతి చూడాలి. సబ్బుతో స్నానం చేసి, ప్రతి గీరుడునూ శుభ్రమైన నీటితో కడిగి మందు వేయండి. ధనుర్వాతం టీకా పందేనికి ముందే వేయించుకుని ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద గాయాలలోకి పోతే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. వరి పొలాల ప్రాంతాలలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పందెం తరువాత మూడు నాలుగు వారాలలోపు తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే సొంత వైద్యం చేసుకోకుండా వైద్యుని దగ్గరకు వెళ్ళి, బురదలో తిరిగిన సంగతి తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట రోగనిర్ధారణను త్వరపెడుతుంది. కాళ్ళ మీద కోతలు మానకుండా ఉన్నవారు బురద పందేనికి దిగకపోవడమే మంచిది.

సైకిల్‌ను అదే రోజు కడగాలి. బంకమట్టి ఎండితే రాయిలా బిగుస్తుంది. నీటిని పై నుంచి మెల్లగా పోసి మట్టిని నాననిచ్చి, తరువాత బ్రష్‌తో తుడవండి. వాహనాలు కడిగే చోట ఉండే పెద్ద ఒత్తిడి గొట్టాన్ని చక్రాల ఇరుసుల మీదకు, పెడళ్ళ మధ్యనున్న బేరింగుల మీదకు పెట్టకూడదు. గ్రీజు కొట్టుకుపోయి నీరు లోపల నిలుస్తుంది. రొయ్యల చెరువుల నీటితోనూ, ఉప్పుటేరు నీటితోనూ కడగవద్దు, మంచినీటి కాలువ నీరో, బోరు నీరో వాడండి. కడిగిన తరువాత సీటు గొట్టాన్ని బయటకు తీసి, సైకిల్‌ను తలకిందులుగా ఒక గంట నిలబెడితే ఫ్రేములో చేరిన నీరు కారిపోతుంది. చైనును పాత గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరిన తరువాత నూనె వేయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ పని మర్నాటికి వాయిదా వేస్తే, పొద్దున్నకే చైను మీద తుప్పు కనిపిస్తుంది. బ్రేకు ప్యాడ్లను తీసి మందం చూడండి, ఒక మిల్లీమీటరు కంటే తక్కువ మిగిలి ఉంటే కొత్తవి వేయించిన తరువాతే సైకిల్‌ను మళ్ళీ బయటకు తీయండి.